పుంగనూరు ఆవంత సాఫ్ట్‌వేర్

ముప్పై ఏళ్ళ పైచిలుకు లెక్కలు చెప్పిన నా ఉద్యోగంలో నేను కొత్తగా కట్టిందంటూ ఏమీ లేదు. కోసి పారేసింది మాత్రం ఒకటుంది. నా పేరు చుట్టుపక్కల నాలుగు కాలేజీల్లో తెలిసిందంటే ఆ కోత వల్లే.

మొన్న ఏదో సర్టిఫికెట్ పని మీద పుంగనూరులో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీకి పోయాను. ల్యాబులో అన్నీ కొత్త కంప్యూటర్లు. కొత్తగా చేరిన గణితం లెక్చరరు, నా కూతురి కంటే చిన్నది, నన్ను ల్యాబంతా తిప్పి చూపించి ఒక తెర దగ్గర ఆగింది. "మేడం, ఈ ఆవు బొమ్మ యాల ఉండాది ఈడ? తీసేద్దామంటే పిల్లోళ్ళు ఒప్పుకోరు" అంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆరోజు ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు కూడా పనికొస్తుందేమోనని. పనికిరాకపోతే ముసలి పంతులమ్మ గొప్పలు చెప్పుకుందని నవ్వుకోండి. గొప్పలే చెప్పుకుంటున్నాను మరి.

నేను రిటైరవడానికి కొంతకాలం ముందు డిగ్రీలో గణితానికి కూడా ప్రాక్టికల్స్ పెట్టారు. అప్పటిదాకా ప్రాక్టికల్స్ అంటే ఫిజిక్సు వాళ్ళ లోలకాలు, కెమిస్ట్రీ వాళ్ళ గాజు గొట్టాలు. మాకు సుద్దముక్క ఒక్కటే పరికరం. ఇప్పుడు మా పిల్లలు కూడా కంప్యూటర్ ముందు కూర్చుని మాత్రికలు చేయాలి, గ్రాఫులు గీయాలి. దానికి వాడమన్నది ఒక ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడి గణితం వాళ్ళో కలిసి రాసి, ఊరికే తీసుకోండి, లోపల ఏముందో విప్పి చూసుకోండి, కావాలంటే మార్చుకోండి, మార్చినదాన్ని మళ్ళీ అందరికీ ఇవ్వండి అని వదిలిపెట్టారు. అంత ధారాళమైన మనుషులు గణితంలో ఉంటారని నాకు అంతవరకు తెలియదు. మాకు తెలిసిన గణితం వాళ్ళు అర మార్కు వేయడానికి కూడా ప్రాణం పోయినట్టు చేస్తారు.

చిక్కల్లా మా కంప్యూటర్లతోనే. ఏదో ఆఫీసు వాళ్ళు వద్దనుకుంటే మాకు చేరినవి అవి. పిల్లలు ఆ సాఫ్ట్‌వేర్ మీద నొక్కి, బయటికి పోయి నీళ్ళు తాగి వచ్చినా తెర తెల్లగానే ఉండేది. ఎట్లాగో తెరుచుకున్నాక రెండో లెక్క అడిగితే మొత్తం బిగుసుకుపోయేది. ఇంటర్నెట్‌లో వాడుకోండి అని పైవాళ్ళు సలహా ఇచ్చారు. మబ్బు పడితే లైను పోయే ఊరికి అదొక సలహా.

సలహాతో పాటు ఒక మాట కూడా వచ్చింది. ల్యాబులో సాఫ్ట్‌వేర్ సరిగా నడుస్తుందని వచ్చి చూసి తేల్చుకున్నాకే పరీక్ష సెంటరు ఇస్తారట. లేకపోతే మా పిల్లలు మదనపల్లెకు పోయి ప్రాక్టికల్స్ చేయాలి. మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. సెంటరు పోతే వచ్చే ఏడు గణితంలో ఎవరూ చేరరు, చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు. ఆయనకు అది ఫైలు. నాకు అది ప్రాణం.

మదనపల్లె ఎంత దూరమని మీరనుకోవచ్చు. ఫైనలియర్లో ఒక అమ్మాయి ఉండేది, పెద్దపంజాణి దగ్గర పల్లె. తండ్రి బెంగుళూరులో వాచ్‌మన్. తల్లి కాలు విరిగి మంచంలో ఉంది. ఈ పిల్ల తెల్లవారుతూనే పాలు పిండి, కేంద్రంలో పోసి, బస్సెక్కి కాలేజీకి వచ్చేది. సాయంత్రం మళ్ళీ పాల వేళకు ఇల్లు చేరాలి. రెండు పితుకుళ్ళ మధ్య పట్టేంతే ఆమె చదువు. మదనపల్లె దానిలో పట్టదు. నాలుగు రోజులు ఎవరినైనా పిండమనొచ్చు కదా అని అడిగాను, చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న. "మా ఆవు నా చేతికి తప్ప ఇయ్యదు మేడం. వేరే వాళ్ళు కూర్చుంటే తన్నుతాది" అంది. ఫిర్యాదు చేసినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ పిల్ల ఆ ఏడు డిగ్రీ పూర్తి చేయాలంటే సెంటరు పుంగనూరులోనే ఉండాలి, అంతే.

అప్పుడు నాకు తోడు దొరికినవాళ్ళు ఇద్దరు. మదనపల్లె కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఆయన ఒకరు. భారీ మనిషి, మాట నిదానం. మిన్ను విరిగి మీద పడినా "చూద్దాంలే మేడం" అనేవాడు. సాఫ్ట్‌వేర్‌ను విప్పి, మనకు అక్కర్లేనివి తీసేసి, తేలికైనది ఒకటి చేసుకుందామన్న ఆలోచన ఆయనదే. రెండో ఆయన కుప్పంలో గణితం లెక్చరరు. ఆయన ల్యాబు కూడా మా ల్యాబు చెల్లెలే. మూడు రాష్ట్రాలు కలిసే చోటున్న కుప్పం వాళ్ళకు మూడు భాషల్లో పోట్లాడటం వచ్చు. ఈయన లెక్కల్లో కూడా పోట్లాడేవాడు. ఎవరేం చెప్పినా "అదెట్ల అవుతాది?" అన్నది ఆయన మొదటి మాట. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. ఆ మాటే మమ్మల్ని కాపాడుతుందని అప్పుడు తెలియదు.

ఆదివారాలు మదనపల్లెలో కలిసేవాళ్ళం, అక్కడి ల్యాబులో కరెంటు నమ్మకంగా ఉండేది కాబట్టి. కుప్పం ఆయన పలమనేరు మీదుగా పొద్దున్నే బయల్దేరి వచ్చేవాడు. టమోటా లారీల వెనక బస్సు ఇరుక్కుని, ఊరి పొలిమేరలో దిగి నడిచి వచ్చిన రోజులున్నాయి. ఆ కోపం మా మీద చూపించేవాడు.

మా పద్ధతి ఒకటే. ఏ భాగాన్ని తీసేయాలన్నా, తీయొద్దనేవాళ్ళు అది ఏ పాఠంలో పనికొస్తుందో చెప్పాలి. చెప్పలేకపోతే అది పోతుంది. వినడానికి సులువే. చేయబోతే వేరుశనగ చెట్టు పీకినట్టుండేది. పైన ఒక్కటే కొమ్మ కనిపిస్తుంది, పీకితే మట్టిలో ఉన్నవన్నీ గుత్తిగా వస్తాయి. రహస్య సంకేతాల గణితం తీసేస్తే ఎక్కడో గ్రాఫు గీసే భాగం మూలిగేది. మదనపల్లె ఆయన చూద్దాంలే అంటూ టీ తెప్పించి, తెగిన వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా ముడేసేవాడు.

నేను పట్టుబట్టి నిలబెట్టుకున్నది ఒకటే, ఉపరితలాలు. రెండు చలరాశుల సమీకరణం ఇస్తే కొండలాగా, లోయలాగా రంగుల్లో గీసి, అటూ ఇటూ తిప్పి చూపించే భాగం. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద చేతులు తిప్పుతూ చెప్పినదాన్ని ఒక్కసారి పిల్లలకు కళ్ళతో చూపించాలని నా ఆశ. ఇది సినిమా కాదు మేడం, బరువెక్కువ, పడేద్దాం అన్నాడు కుప్పం ఆయన. "మా పిల్లోళ్ళు పుట్టినప్పటి నుంచి కొండలు చూస్తాండారప్పా. కొండకు కూడా సమీకరణం ఉండాదని చూడనియ్యి" అన్నాను. గొంతు కొంచెం పెంచే అన్నాను. గెలిచాను.

అన్నిటికంటే బరువైన భాగం ఇంకొకటి ఉండేది. సంఖ్యలను ఏమాత్రం చెరపకుండా, మూడింట ఒకటిని మూడింట ఒకటిగానే ఉంచుకునే యంత్రాంగం. అది తీసేసి, అన్నీ దశాంశాల్లో చేయిస్తే సగం బరువు తగ్గుతుందన్నాడు మదనపల్లె ఆయన. విచిత్రం ఏమిటంటే దీనికి మాత్రం మా ఇద్దరిలో ఒక్కరమూ అడ్డం చెప్పలేదు. కుప్పం ఆయన కూడా "అదెట్ల" అనలేదు. మేమిద్దరం ఏటేటా వాల్యుయేషన్ క్యాంపుల్లో కూర్చుని పేపర్లు దిద్దినవాళ్ళం. జవాబు నాలుగు దశాంశాల దాకా సరిపోతే మార్కులిచ్చేయడం మా చేతులకు అలవాటైపోయింది. దగ్గరగా ఉంటే సరైనదే అని సంతకాలు పెట్టీ పెట్టీ, దగ్గరగా ఉండటం, సరిగ్గా ఉండటం వేరువేరని మరిచిపోయాం. గణితం వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

యంత్రాంగం పోయింది. నొక్కగానే తెర తెరుచుకుంది. మా పాత కంప్యూటర్లకు యౌవనం వచ్చింది. కుప్పం ఆయన నా వైపు చూసి, ఇది అచ్చం మీ పుంగనూరు ఆవే మేడం, ఎత్తు లేదు, మేత లేదు అని ఎగతాళి చేశాడు. మా ఊరి ఆవు నడుము ఎత్తు కూడా ఉండదు, చారెడు గడ్డి తిని చిక్కటి పాలిస్తుంది. పాల సంగతి కూడా చెప్పండి మరి అన్నాను. మదనపల్లె ఆయన నవ్వుతూ అప్పటికప్పుడు చిన్న ఆవు బొమ్మ గీసి తెర మీద పెట్టాడు. అదమ్మా, నువ్వడిగిన ఆవు.

మొదట కుప్పంలో పిల్లలకు ఇచ్చి చూశాం. ఆ మధ్యాహ్నమే ఆయన ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, దాంతో నాకు భయం వేసింది.

"మేడం, మన గొడ్డావు ఈనింది" అన్నాడు.

ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వరసగా మూడు అడ్డువరుసల్లో రాస్తే వచ్చే మాత్రికకు నిర్ధారకం సున్నా. నిర్ధారకం సున్నా అయితే దానికి విలోమం ఉండదు. ఇది మా పిల్లలకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మా సాఫ్ట్‌వేర్ మాత్రం సున్నా రావలసిన చోట దుమ్ము కణమంత సంఖ్యను చూపించింది. దశాంశాలను ఎక్కడో ఒకచోట తెంచాలి కదా, తెంచినప్పుడు రాలిన పొట్టు అది. ఆ దుమ్ముతో భాగహారం చేసి, కొండలంత అంకెలతో లేని విలోమాన్ని పుట్టించి తెర మీద పెట్టింది. పిల్లలు దాన్ని శ్రద్ధగా రికార్డుల్లోకి ఎక్కించుకున్నారు. ఒక్కరూ అనుమానపడలేదట. కంప్యూటర్ చెప్పింది కదా. తరగతిలో నోటితో చెప్పిన సత్యాన్ని తెర మీది అబద్ధం కోసం వదిలేశారు, ఆ అబద్ధాన్ని వాళ్ళ చేతిలో పెట్టింది మేము. నాకు తల కొట్టేసినట్టయింది.

పైవాళ్ళు ల్యాబు చూడటానికి వచ్చే రోజు దగ్గర పడుతోంది. తీసేసిన యంత్రాంగాన్ని తిరిగి పెడితే మా కంప్యూటర్లు మళ్ళీ మంచం ఎక్కాయి. ఆ ఆదివారం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మదనపల్లె ఆయన కూడా చూద్దాంలే అనలేదు.

దారి దొరికింది నా తరగతిలోనే. ఫైనలియర్ వాళ్ళకు నల్లబల్ల మీద మాత్రికను అడ్డువరుసల పద్ధతిలో సాధిస్తున్నాను. భిన్నాలు పెద్దవవుతున్నాయి. నేను రాయడం ఆపకముందే వెనక బెంచీల నుంచి "గసాభాతో కొట్టేయండి మేడం" అని అరిచారు. పైన ఉన్న సంఖ్యకూ కింద ఉన్న సంఖ్యకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేయమని. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. చేతితో చేసేటప్పుడు మేము వాడేది ఇంతే కదా. ఒక లవం, ఒక హారం, కూడిక, గుణకారం, మధ్యలో గసాభా. హైస్కూలు పిల్లల లెక్క. ఆ మహా యంత్రాంగమంతా మాకెందుకు? వట్టి భిన్నాలు చాలు. తరగతి అయ్యేదాకా ఆగలేక వరండాలోకి వచ్చి మదనపల్లెకు ఫోన్ చేశాను. ఆయన నేను చెప్పిన భిన్నాల లెక్కను ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, చూద్దాంలే మేడం అన్నాడు. ఆ మాట విని అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఆయన ప్రోగ్రాము రాశాడు, నేను పక్కన కూర్చుని లెక్క సరిచూశాను, కుప్పం ఆయన అదెట్ల అవుతాది అంటూ ప్రతి అడుగునూ విరగ్గొట్టడానికి చూశాడు. భిన్నాలు నిలబడ్డాయి. కానీ పాత కంప్యూటర్లో వాటికి చోటు చాలలేదు. ఇంకేదో ఒకటి పోవాలి. ఏది పోవాలో ముగ్గురికీ తెలుసు. వాళ్ళిద్దరూ కిటికీ వైపు చూస్తున్నారు. నా ఉపరితలాలను నేనే తీసేశాను. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. కుప్పం ఆయన ఆరోజు ఎగతాళి చేయలేదు. బస్టాండు దాకా నా సంచి మోసుకొచ్చాడు.

ఆయన పట్టుబట్టి చేయించింది ఒకటుంది. భిన్నంగా చెప్పలేని జవాబు, రెండుకు వర్గమూలం లాంటిది, ఎక్కడ వచ్చినా దాని ముందు "సుమారు" అన్న మాట తెలుగులో కనిపించాలన్నాడు. తెలియనిది తెలియదని చెప్పే యంత్రం కావాలి మేడం అన్నాడు. కరెంటు పోయినా చేసిన లెక్క పోకుండా, రాసిన ప్రతి వరుసా వెంటనే దాచుకునేలా మదనపల్లె ఆయన ఇంకో ఏర్పాటు చేశాడు. అంత కోసిన దాంట్లో మేము కలిపినవి ఈ కాసిన్నే.

రంగుల కొండలు పోయాక నేను పిల్లలకు కోతలు నేర్పాను. కొండను గీయలేకపోతే పోనీ, ఒక్కో ఎత్తులో అడ్డంగా కోస్తే ఏ గీత వస్తుందో అది గీయండి, ఒకదాని మీద ఒకటి గీయండి, కొండ మీ తలలో లేస్తుంది అని.

ల్యాబు చూడటానికి యూనివర్సిటీ నుంచి పెద్ద ప్రొఫెసరు ఒకాయన వచ్చాడు. తన ల్యాప్‌టాప్‌లో అసలు సాఫ్ట్‌వేర్ మొత్తం ఉంది, పోల్చి చూస్తానన్నాడు. కుప్పం ఆయన చెప్పాపెట్టకుండా తెల్లవారుజాము బస్సుకు బయల్దేరి వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. మదనపల్లె ఆయన అప్పటికే కంప్యూటర్లన్నీ తుడిచి పెట్టాడు. ప్రొఫెసరు మొట్టమొదట ఇచ్చింది ఏమిటో చెప్పనా? ఒకటి నుంచి తొమ్మిది అంకెల మాత్రిక. దానికి విలోమం కనుక్కోండి అన్నాడు. కుప్పం ఆయన పైకప్పు చూడసాగాడు. వరసగా అన్ని తెరల మీదా ఒకే మాట వచ్చింది, విలోమం లేదు అని. ఆయన తల ఊపాడు. ఇంకో నాలుగు లెక్కలిచ్చాడు. ఒక జవాబు ముందున్న సుమారు అన్న మాటను వేలితో చూపించి, ఇది ఎవరి ఆలోచన అని అడిగాడు. కుప్పం ఆయన జీవితంలో మొదటిసారి సిగ్గుపడటం చూశాను.

అంతలో కరెంటు పోయింది. ల్యాబంతా చీకటి. ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు. పాత సాఫ్ట్‌వేర్ అయితే ఆ రోజు అక్కడితో అయిపోయేది. కరెంటు రాగానే, ఫ్యాన్లు పూర్తి వేగం అందుకునేలోపు ఆవులన్నీ లేచి నిలబడ్డాయి, పిల్లలు వదిలిన వరుసలు వదిలినట్టే ఉన్నాయి. ఆయన ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి దగ్గరికి నడిచాడు. మా పాల అమ్మాయే.

ఒక సమీకరణం రాసిచ్చాడు. ఒక చలరాశి వర్గంలో నుంచి ఇంకో చలరాశి వర్గాన్ని తీసేస్తే వచ్చే ఉపరితలం. గీసి చూపించమన్నాడు. నేను నా చేత్తో తీసేసింది అదే.

"ఇందులో అది గీయను రాదు సార్. కోసి చూపిస్తాను" అంది ఆ పిల్ల.

గీతలు వచ్చాయి. సున్నా ఎత్తులో ఒకదాన్నొకటి దాటే రెండు సరళరేఖలు. ఎత్తు పెంచితే ఎడమకు, కుడికి వంగిన జంట. సున్నా కంటే కిందికి దించితే తెర మీద పైకి, కిందికి వంగిన జంట. ప్రొఫెసరు వంగి చూశాడు. సరే, ఈ రేఖలు దాటుకునే చోట నువ్వు నిలబడితే చుట్టూ ఏం కనిపిస్తుంది అని అడిగాడు.

ఆమె ఒక్క క్షణం తెర వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. "రెండు పక్కల ఎత్తు, రెండు పక్కల పల్లం సార్. ఇది కనుమ. మా ఊరికి పొయ్యే బస్సు ఇట్లాంటి దాంట్లోనే దాటతాది."

నేను ఆమెకు కనుమ అని ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకాల్లో జీను అని ఉంటుంది, గుర్రం జీను. మా పిల్లల్లో గుర్రం ఎక్కినవాళ్ళెవరు? రంగుల్లో తిప్పి చూపించి ఉంటే ఆమె దాన్ని చూసి బాగుందని ఊరుకునేదేమో. బొమ్మ లేకపోబట్టి ఆమె తన కొండల్లో వెతుక్కుంది. నా గుండె ఎంత ఉప్పొంగిందో ఇప్పుడు కూడా చెప్పలేను. కుప్పం ఆయన నా చెవి దగ్గర నెమ్మదిగా, "పాలు చిక్కగా ఉండాయి మేడం" అన్నాడు.

ప్రొఫెసరు తన ల్యాప్‌టాప్ మూసి జేబులో నుంచి పెన్‌డ్రైవ్ తీశాడు. మాలాంటి ల్యాబులు ఇంకా చాలా ఉన్నాయని, ఒక కాపీ ఇవ్వగలరా అని అడిగాడు. ఇవ్వగలరా ఏమిటి, ఇవ్వాలన్నదే దాని నియమం కదా. ఎక్కడెక్కడివాళ్ళో మాకు ఊరికే ఇచ్చారు, మేము దాన్ని పొట్టిగా చేసి ఊరికే ఇచ్చాం. ఆ తర్వాత మా ఆవు ఎన్ని ఊళ్ళు తిరిగిందో నాకు లెక్క తెలియదు. మంచి కంప్యూటర్లున్న మదనపల్లె కాలేజీ పిల్లలు కూడా అదే అడిగి వేయించుకున్నారు. సెంటరు పుంగనూరులోనే ఉంటుందని ఆయన ప్రిన్సిపాల్ గదిలో సంతకం పెట్టాడు. మేము ముగ్గురం ల్యాబులో పిల్లల్లాగా చేతులు పట్టుకుని నవ్వాం. మదనపల్లె ఆయన టీతో పాటు మిక్చరు కూడా తెప్పించాడు.

ఈ సంబరం చెప్పాలని ఆ అమ్మాయి కోసం చూస్తే ఆమె లేదు. పాల వేళకు బస్సు దొరకదని ఎప్పుడో వెళ్ళిపోయిందట.

మరుసటి రోజు పొద్దున ఆమె బస్సు దిగేసరికి నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. ప్రాక్టికల్స్ ఇక్కడే, మన ల్యాబులోనే అని చెప్పాను. గంతులేస్తుందనుకున్నాను. ఆమె సంచి భుజం మీద సర్దుకుని నా ముఖంలోకి చూసింది.

"అయితే రోజూ వచ్చే బస్సుకే వస్తాను మేడం" అంది, క్లాసుకు టైమైందని ముందుకు నడిచింది.